చీలమండ బెణికితే: మొదటి గంట నుంచి మళ్ళీ ఆటలోకి దిగేదాకా

చీలమండ బెణుకులు చాలావరకు ఒకే తీరుగా జరుగుతాయి. మునివేళ్ళు కిందికి వంగి ఉంటాయి, అరికాలు లోపలికి తిరుగుతుంది, ఒంటి బరువంతా పాదం బయటి అంచు మీద పడుతుంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో షటిల్ ఆడుతూ ఎగిరి పక్కవాడి బూటు మీద దిగినా, కేబీఆర్ పార్కు లోపలి మట్టిదారిలో రాయి మీద అడుగు పడినా, వానాకాలం నీళ్ళ కింద కనపడని గుంతలో కాలు దిగబడినా జరిగేది ఇదే. అప్పుడు ముందుగా సాగి తెగేది చీలమండ బయటివైపు బుడిపె ముందు అంచు నుంచి పాదంలోని టాలస్ ఎముకకు పోయే చిన్న లిగమెంట్, అంటే ఎముకను ఎముకకు కట్టిపట్టే తాడులాంటి కణజాలం. దాన్ని ఏటీఎఫ్ఎల్ అంటారు. దెబ్బ ఇంకా గట్టిదైతే బుడిపె కొన నుంచి మడమ ఎముకకు దిగే సీఎఫ్ఎల్ కూడా పోతుంది. వెనకవైపుండే మూడోది, పీటీఎఫ్ఎల్, కీలు తొలిగేంత దెబ్బ తగిలితే తప్ప మామూలుగా తెగదు.

"నరం పక్కకి జరిగింది, ఒకసారి లాగితే సర్దుకుంటుంది" అనే పెద్దమనిషి ప్రతి గ్రౌండ్‌లోనూ ఒకరుంటారు. జరిగిన నరమేదీ అక్కడ లేదు, లాగితే కూర్చునేదీ లేదు. లిగమెంట్ పోగులు తెగాయి, అవి అతుక్కోవాలి, అంతే. లాగితే మిగిలిన పోగులు కూడా పోతాయి.

ఒక లెక్క మొదటే మనసులో పెట్టుకోండి. మామూలు బెణుకులో నడిచేటప్పటి నొప్పి రెండు మూడు వారాల్లో చాలావరకు పోతుంది. తెగిన పోగుల చోట కొత్త కణజాలం ఓ మాదిరిగా గట్టిపడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది దాకా పట్టవచ్చు. ఇక కాలు ఎటు ఒరుగుతోందో కనిపెట్టి కండరాన్ని క్షణంలో బిగించే తెలివి ఉంటుంది చూడండి, అది సాధన చేయిస్తే తప్ప సరిగా తిరిగి రాదు. మూడో వారంలో నొప్పి లేదని కోర్టులోకి దిగి, రెండో నెలలో అదే కాలు మళ్ళీ మడతపెట్టుకునేవాళ్ళు ఇంతమంది ఎందుకున్నారంటే ఇదే కారణం.

ముందు ఎముక సంగతి

వాపు ఎంతుందో చూసి ఎముక విరిగిందో లేదో చెప్పలేం. కోడిగుడ్డంత ఉబ్బినా ఎముక బాగానే ఉండొచ్చు, కొంచెమే ఉబ్బినా చీలి ఉండొచ్చు. 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు దీనికి కొన్ని నియమాలు ప్రకటించారు. ప్రపంచమంతా క్యాజువాలిటీల్లో ఇప్పటికీ వాడేవి అవే, ఇంట్లోనూ చేసుకోవచ్చు.

వేలి కొనతో ఎముక మీద నొక్కండి, మెత్తటి వాపు మీద కాదు. బయటి బుడిపె కొన, అక్కడి నుంచి దాని వెనక అంచు వెంట 6 సెంటీమీటర్ల పైదాకా. లోపలి బుడిపెకూ అలాగే. తర్వాత చిటికెన వేలు వరసలో పాదం బయటి అంచున మధ్యలో పొడుచుకొచ్చే ఎముక, చివరగా పాదం లోపలి వంపు పైన ఉండే నావిక్యులర్ ఎముక. వీటిలో ఎక్కడైనా ఎముక మీదే చురుక్కుమంటే ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత పరీక్షించేటప్పుడు, రెండుసార్లూ నాలుగడుగులు వేయలేకపోయినా అంతే. కుంటుతూ వేసినా నాలుగు అడుగుల కిందే లెక్క. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళకూ, మందు తాగి ఉన్నవాళ్ళకూ ఈ నియమాలు పనిచేయవు. నొప్పే సరిగా తెలియనప్పుడు నొక్కి ఏం తేల్చుతాం? వాళ్ళు నేరుగా ఎక్స్‌రేకి వెళ్ళడమే మంచిది. పాదం వంకరగా కనిపించినా, వేళ్ళు చల్లబడి పాలిపోయినా, చర్మం చీలి ఎముక కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. దగ్గర్లో ఏ క్యాజువాలిటీ ఉంటే అక్కడికి, లేదంటే గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రులకు.

మొదటి రోజే ఎమ్మారై తీయించడం దండగ. రక్తం, వాపు నిండిన కీలులో అది చూపేదాన్ని బట్టి మొదటి వారం చికిత్స పెద్దగా మారదు. లిగమెంట్ ఎంత తెగిందో చేత్తో పరీక్షించి చెప్పాలన్నా నాలుగైదు రోజులు ఆగితేనే నయం. మొదటి రోజు నొప్పికి కండరాలు బిగదీసుకుని కీలు కదలనివ్వవు, ఐదో రోజుకి వదులవుతాయి. మడమ పట్టుకుని పాదాన్ని ముందుకు లాగి, రెండో కాలితో పోల్చి ఎంత సాగుతోందో చూసే పరీక్ష అప్పుడు నమ్మకంగా చెబుతుంది. కాబట్టి మొదటి రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, వారం లోపు రెండోసారి చూపించుకోండి.

మొదటి మూడు రోజులు

ఐసు నొప్పిని మందగింపజేస్తుంది. గాయాన్ని త్వరగా మాన్పుతుందనడానికి గట్టి ఆధారం లేదు, అందుకే ఎక్కువ పెడితే ఎక్కువ మేలని అనుకోవద్దు. ఐసు ముక్కలు ప్లాస్టిక్ కవర్లో వేసి, పల్చటి తడి తువ్వాలు చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. రెండు మూడు గంటలకోసారి, రెండు రోజులు చాలు. చర్మం మీద నేరుగా పెడితే కమిలిపోతుంది.

కాలు ఎత్తిపెట్టడం ఐసు కన్నా ముఖ్యం, కానీ దాన్ని చాలామంది తప్పుగా చేస్తారు. సోఫాలో కూర్చుని స్టూలు మీద కాలు చాపితే అది ఎత్తిపెట్టినట్టు కాదు. గుండె కన్నా పాదం పైన ఉండాలి. వెల్లకిలా పడుకుని పిక్క కింద రెండు దిండ్లు పెట్టుకోండి.

కట్టుకు 10 సెంటీమీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు క్రేప్ బ్యాండేజీ కొనండి. మెడికల్ షాపులో 15 సెంటీమీటర్లది ఇస్తే తిప్పి ఇచ్చేయండి, అది మడమ చుట్టూ ముడతలు పడుతుంది. పాదాన్ని కాలికి లంబకోణంలో పెట్టండి. వేళ్ళ మొదలు దగ్గర రెండు చుట్లు వేసి, పాదం పైనుంచి చీలమండ వెనక్కి, మళ్ళీ అరికాలి కిందికి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. ప్రతి చుట్టూ కిందటి దానిలో సగం కప్పాలి. మడమ చుట్టూ ఒకటి రెండు చుట్లు వేయకుండా వదిలేస్తే వాపంతా అక్కడ చేరుతుంది. చీలమండ పైన నాలుగు వేళ్ళ ఎత్తులో ముగించండి. చుట్టే దిక్కు చూసుకోవాలి: అరికాలి కింద బ్యాండేజీ లోపలి అంచు నుంచి బయటి అంచుకు పోయి, బయటివైపు పైకి లేవాలి. అలా చుడితే తెగిన వైపు దగ్గరగా లాగి పట్టుకుంటుంది. తిరగేసి చుడితే ప్రతి చుట్టూ పాదాన్ని బెణికిన దిక్కుకే లాగుతుంది. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి, రెండు సెకన్లలో గులాబీ రంగు రావాలి. రాకపోతే, లేదా వేళ్ళు తిమ్మిరెక్కితే, విప్పి వదులుగా కట్టండి. రాత్రి పడుకునే ముందు తీసేయండి.

నొప్పికి పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు, ఆరేసి గంటల తేడాతో, రోజుకు నాలుగుకు మించకుండా. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగాలి. డైక్లోఫెనాక్ జెల్ రోజుకు మూడు నాలుగుసార్లు పలచగా రాస్తే మాత్ర కన్నా కడుపుకు మేలు. దాన్ని గట్టిగా మర్దనా చేయకండి, చర్మంలోకి ఇంకేలా మెల్లగా రాయండి. ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు గ్యాస్ట్రిక్ పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు పనికిరావు. వానాకాలంలో కాలి బెణుకుతో పాటు జ్వరం కూడా ఉంటే అసలే వద్దు, డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వాపు తగ్గడానికని రాసే ఎంజైమ్ మాత్రల మీద నమ్మదగిన ఆధారం తక్కువ. అవి లేకపోయినా వాపు తగ్గుతుంది.

ఈ మూడు రోజులూ వేడి కాపడం, వేడి చింతపండు పట్టు, గట్టి మాలిష్, మద్యం నాలుగూ దూరం పెట్టండి. వేడి రక్తాన్ని ఇంకా లాగి వాపు పెంచుతుంది. చింతపండు పట్టు వేసి చర్మం కాలి, బొబ్బలు తగ్గేదాకా బ్రేస్ (చీలమండ మడత పడకుండా పట్టి ఉంచే తొడుగు) వేసుకోలేని పరిస్థితి తెచ్చుకోవడం ఏమాత్రం అవసరం లేని బాధ. నాటు కట్టుతో రెండు చిక్కులు: ఎక్స్‌రే తీయకుండా కడితే లోపలి పగులు తెలియదు, బిగుతు ఎక్కువైతే రక్తప్రసారం దెబ్బతింటుంది.

కదల్చాలా, కట్టి ఉంచాలా?

కదల్చాలి. తక్కువ, మధ్యస్థం బెణుకులకు పిండికట్టు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. కీలు బిగుసుకుపోతుంది, పిక్క సన్నబడుతుంది. లిగమెంట్ పూర్తిగా తెగి అడుగు వేయలేనప్పుడు మాత్రం 10 రోజుల దాకా పిండికట్టో వాకర్ బూటో (పిక్క దాకా వచ్చే గట్టి బూటు) నొప్పిని, వాపును బాగా తగ్గిస్తుంది. ఆ పదీ అయ్యాక విప్పి బ్రేస్‌లోకి మారాలి. ఆరు వారాలు కదలకుండా ఉంచడం పాతకాలపు పద్ధతి. పిండికట్టులో ఉండగా పిక్క బిగుసుకుని నొప్పెట్టి ఉబ్బితే అదే రోజు చూపించండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

బ్రేస్ కొనేటప్పుడు గొట్టంలా తొడిగే బట్ట సాక్సు కొనకండి. అది వెచ్చగా ఉంటుందే గానీ మడత పడకుండా ఆపదు. లేసులతో బిగించి, పైన ఎనిమిది అంకెలా తిరిగే పట్టీలున్నది, లేదా రెండువైపులా గట్టి ప్లాస్టిక్ పలకలున్నది తీసుకోండి. కోఠీ సర్జికల్ షాపుల్లో రకాలు చూసి, వేసుకుని, పైన బూటు కూడా తొడిగి చూసుకోవచ్చు. కొలత బూటు సైజును బట్టి కాకుండా ఆ కంపెనీ చెప్పిన చోట టేపు పెట్టి చూడాలి, వాపు మీద కొలిస్తే రెండు వారాలకు వదులైపోతుంది.

ఊతకర్ర ఒక్కటే వాడేటట్టయితే దాన్ని బాగున్న కాలి వైపు చేత్తో పట్టుకోండి. అందరూ దెబ్బ తగిలిన వైపే పట్టుకుంటారు, నడక ఇంకా వంకరవుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఉంది, సిగ్గుపడకుండా వాడండి. సిటీ బస్సు ఫుట్‌బోర్డు మాత్రం మూడు వారాలదాకా వద్దు.

ఇంట్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: కింద కూర్చునే తీరు. బాసింపట్టు వేస్తే బయటి బుడిపె నేలకు ఒత్తుకుని, పాదం లోపలికి తిరిగి, సరిగ్గా తెగిన లిగమెంటే సాగుతుంది. వజ్రాసనంలో, నమాజులో కూర్చున్నప్పుడు పాదం వెనక్కి చాపుకుని ఏటీఎఫ్ఎల్ మీద ఒత్తిడి పడుతుంది. మొదటి మూడు నాలుగు వారాలు భోజనం, పూజ, నమాజు కుర్చీలోనే. ఇండియన్ టాయిలెట్‌లో గొంతుకూర్చోవడం కూడా రెండు వారాలు మానండి. ఇంట్లో నున్నటి మార్బుల్ మీద తడి ఉంటే ముందు తుడిపించండి. వెనక పట్టీ లేని హవాయి చెప్పులు మానేసి పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి.

బండి విషయానికొస్తే, దెబ్బ ఎడమ కాలికైతే గేరు బండి కుదరదు. గేరు మార్చడానికి ఆ పాదంతోనే లివరు నొక్కాలి, ఎత్తాలి, సిగ్నల్ దగ్గర ఆనించేదీ చాలామందికి ఆ కాలే. కుడి కాలికైతే బ్రేకు. కారు ఎప్పుడు నడపొచ్చంటే, ఆపి ఉన్న కారులో బ్రేకు పెడల్‌ను ఒక్కసారిగా గట్టిగా తొక్కినప్పుడు నొప్పి, తడబాటు రెండూ లేనప్పుడు.

అసలు పని

రెండో రోజు నుంచే, నొప్పి పదికి మూడు దాటనంత మేరకు, మొదలుపెట్టండి. పడుకుని పాదం పైకీ కిందికీ 20 సార్లు, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి. తర్వాత బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయండి. ఇంగ్లిషు ఏబీసీడీలు రాయమని చాలాచోట్ల చెబుతారు గానీ దీనికి మన అక్షరాలే మేలు. అన్నీ గుండ్రాలు కాబట్టి అ నుంచి ఱ దాకా రాస్తే కీలు అన్ని దిక్కులా తిరుగుతుంది. ఋ దగ్గర కొంచెం కష్టపడతారు.

నాలుగో రోజు నుంచి వారం లోపు: కుర్చీలో కూర్చుని పాదం బయటి అంచును గోడకు ఆనించి బయటికి నెట్టండి, కీలు కదలకుండా. 5 సెకన్లు, 10 సార్లు, రోజుకు మూడుసార్లు. ఈ కదలిక పనిచేయించేది పిక్క బయటివైపుండే పెరోనియల్ కండరాలను. కాలు లోపలికి మడత పడబోతే ఆపేవి అవే. నొప్పి లేకపోతే రెండో వారంలో రబ్బరు బ్యాండు తెచ్చి మంచం కోడుకు కట్టి, పాదాన్ని బయటికి లాగండి, 15 చొప్పున మూడు విడతలు. బ్యాండు వెనక్కి లాగేసేటప్పుడు వదిలేయకుండా మూడు సెకన్లు ఆపుతూ రావాలి. ఫలితం ఎక్కువగా ఆ మూడు సెకన్లలోనే ఉంది. చాలామంది టపటపా లాగి ముగిస్తారు.

చీలమండ ముందుకు వంగడం తిరిగి రాకపోతే మిగతావన్నీ దెబ్బతింటాయి. దీనికి కొలత ఉంది. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకు తగిలించండి. పాదాన్ని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ, ఇంక తగలదు అనేంత దూరంలో బొటనవేలి నుంచి గోడకు స్కేలు పెట్టండి. చాలామందికి 10 సెంటీమీటర్ల దగ్గర్లో వస్తుంది. రెండు కాళ్ళకూ తేడా 2 సెంటీమీటర్ల లోపు ఉండాలి. వారానికోసారి గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తేడా ఎక్కువున్నంత కాలం ఇదే భంగిమలో రోజుకు 30 సార్లు మోకాలు గోడకు తగిలిస్తూ ఉండండి, పిక్క సాగదీయడం 30 సెకన్ల చొప్పున మూడుసార్లు.

మడమలు ఎత్తి నిలబడటం మొదట రెండు కాళ్ళ మీద, 15 చొప్పున మూడు విడతలు. ఇది తేలికయ్యాక ఒంటికాలి మీద. గురి 25 సార్లు, రెండో కాలితో సమంగా. పైకి లేచినప్పుడు చీలమండ బయటికి ఒరుగుతోందా అన్నది అద్దంలో చూడండి, ఒరుగుతుంటే ఆ రోజుకి ఆపేయండి.

ఇక బ్యాలెన్స్. ఇది లేకుండా మిగతావన్నీ చేసినా సగం పనే. దెబ్బ కాలి మీద చెప్పుల్లేకుండా 30 సెకన్లు, మూడుసార్లు. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు చేస్తే మరిచిపోరు. కుదిరాక కళ్ళు మూసి, అదీ కుదిరాక నాలుగు మడతలు పెట్టిన బొంత మీద, ఆ తర్వాత గోడకు టెన్నిస్ బంతి కొట్టి పట్టుకుంటూ. కళ్ళు మూసేటప్పుడు చేతికందేంత దూరంలో గోడ ఉండాలి. చివరి మెట్టు: నేల మీద టేపుతో వై ఆకారం గీసి, మధ్యలో దెబ్బ కాలి మీద నిలబడి, రెండో కాలితో మూడు గీతల వెంటా ఎంత దూరం అందితే అంత. ముందు గీత మీద రెండు కాళ్ళ తేడా 4 సెంటీమీటర్లు దాటితే పరుగు ఇంకా వద్దు. బ్యాలెన్స్ పని వారానికి ఐదు రోజులు, కనీసం 8 వారాలు.

పరుగు, ఆట

వేగంగా అరగంట నడిచినా కుంటకుండా, మర్నాడు పొద్దున వాపు రాకుండా ఉంటే, దెబ్బ కాలి మీద ఉన్నచోటే 10 గెంతులు వేసి చూడండి. నొప్పి లేకపోతే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఎనిమిదిసార్లు. చదునైన చోటే: నెక్లెస్ రోడ్డు, స్టేడియం ట్రాక్. కేబీఆర్ లోపలి దారి, ఖాజాగూడ రాళ్ళు చివరికి. రోజు విడిచి రోజు. ప్రతి మూడో పరుగుకూ ఒక నిమిషం పెంచండి. పరుగు తర్వాత మర్నాటికి గట్టిదనం ఉంటే అదే స్థాయిలో ఇంకోసారి, వాపు ఉంటే ఒక మెట్టు కిందికి.

తిన్నగా పరుగెత్తగలిగితే ఆటకు సిద్ధమైనట్టు కాదు. ఎనిమిది అంకెలో పరుగు, పక్కకి అడుగులు, ఒక్కసారిగా ఆగి తిరగడం, చివరికి ఎగిరి ఒంటికాలిపై దిగడం ఈ వరసలో రావాలి. ఒంటికాలి గెంతు ఒకటి, వరసగా మూడు గెంతులు ఒకటి, రెండూ దూరం కొలిచి చూడండి. మంచి కాలి దూరంలో 90 శాతమైనా రావాలి. తేలిక బెణుకుకి ఈ పరీక్షలన్నీ రెండు మూడు వారాల్లో దాటొచ్చు (బ్యాలెన్స్ పని మాత్రం 8 వారాలూ ఆపొద్దు), మధ్యస్థానికి ఆరు వారాలు, పూర్తిగా తెగితే మూడు నెలలు. టోర్నమెంటు తేదీని బట్టి ఈ లెక్క మారదు. ఆటలో బ్రేస్ ఏడాది దాకా వేసుకోండి. కాలు బలహీనపడుతుందన్న భయం అక్కర్లేదు, మళ్ళీ బెణకడం తగ్గుతుందన్నది బాగా రుజువైన విషయం.

తగ్గకపోతే

బెణుకనుకున్నది బెణుకు కాకపోవచ్చు. నొప్పి చీలమండ పైన, ముందు భాగంలో ఉండి, పిక్క మధ్యలో రెండు ఎముకలనూ దగ్గరికి నొక్కితే కిందికి పాకుతుంటే అది సిండెస్మోసిస్ గాయం, అంటే ఆ రెండు ఎముకలనూ చీలమండ పైన కలిపి పట్టే లిగమెంట్లకు తగిలిన దెబ్బ. పాదం బయటికి తిరిగినప్పుడు వస్తుంది, నిలబెట్టి ఎక్స్‌రే తీయాలి, మామూలు బెణుకు కన్నా దాదాపు రెట్టింపు కాలం పడుతుంది. కొన్ని వాటికి స్క్రూలు వేయాల్సి వస్తుంది. బయటి బుడిపె వెనక టక్కుమని ఏదో జారుతుంటే పెరోనియల్ టెండన్ (ఆ కండరాన్ని ఎముకకు కలిపే తాడు) గాడి తప్పుతోందేమో. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత కూడా కీలు లోతుల్లో నొప్పి, పట్టేసినట్టుండటం ఉంటే టాలస్ మీది మృదులాస్థి దెబ్బతిని ఉండొచ్చు. ఎమ్మారైకి ఖర్చు పెట్టాల్సింది అప్పుడు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ తెగిన లిగమెంట్‌లోకి వేయించుకోకండి, అది కణజాలాన్ని ఇంకా బలహీనపరుస్తుంది. కొత్త బెణుక్కి పీఆర్పీ ఇంజెక్షన్ (మన రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్లు ఎక్కించడం) వ్యాయామం కన్నా మేలు చేస్తుందనడానికీ ఆధారం లేదు.

మూడు నుంచి ఆరు నెలలు పైన చెప్పినవన్నీ నిజంగా చేశాక కూడా చదును నేల మీదే కాలు జారిపోతుంటే ఆపరేషన్ ఆలోచించాలి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి కరెంటు పెట్టించుకోవడం "చేయడం" కిందికి రాదు. ఎక్కువగా చేసేది స్వీడన్ సర్జన్ బ్రోస్ట్రోమ్ 1966లో ప్రచురించిన పద్ధతి: సాగి వదులైన లిగమెంట్‌ను దగ్గరికి లాగి కుడతారు. దానికి 1980లో గూల్డ్ చేర్చిన మార్పు, పక్కనున్న పొరతో కూడా బలమివ్వడం, ఇప్పుడు మామూలైంది. ఆపరేషన్ తర్వాత ఆటకు తిరిగి రావడానికి మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ నెలల్లో చేయించేదీ మళ్ళీ ఒంటికాలి మీద నిలబడటం, రబ్బరు బ్యాండు లాగడమే.